లిండ్నర్ కాఫీ హౌస్‌లో ఇద్దరు ప్రొహాస్కాలు

“ఉత్తరం తప్పుడు చేతిలో పడిందా, మీ తమ్ముడు సరిహద్దు దగ్గరే పోతాడు క్రాలిక్,” అన్నాడు చీఫ్.

సాయంత్రానికల్లా ఏజెంట్ క్రాలిక్ నల్లకోటు తొడుక్కుని, వియన్నాలోని లిండ్నర్ కాఫీ హౌస్‌లో హెడ్ వెయిటర్ అయిపోయాడు. తమ్ముడు ఓటో ఆ రాత్రి కంచె ఎక్కడ దాటేదీ ఆ ఉత్తరంలో ఉంది. రహస్య లిపి. తమవాళ్ళలో దాన్ని చదవగలిగింది ఇంజినీర్ ప్రొహాస్కా ఒక్కడే. యుద్ధానికి ముందు ఆయన ఉత్తరాలన్నీ ఈ కాఫీ హౌస్‌కే వచ్చేవి. ఇంటికి రాస్తే ఏం లాభం, అక్కడ భార్యకే దొరికేవాడు కాదు.

చిక్కల్లా ఒకటే. ప్రొహాస్కాలు ఇద్దరొచ్చారు.

అవే నెరిసిన మీసాలు, చెంపమీద అదే గాటు. అసలు మనిషిని క్రాలిక్ ఎన్నడూ చూడలేదు. కోడ్ వర్డ్ ఇద్దరూ తడుముకోకుండా చెప్పారు. చెప్పరూ మరి? రెండు పక్షాలకూ పనిచేసే ఇలోనా దాన్ని నిన్ననే అవతలివాళ్ళకు చేరవేసింది. ఇప్పుడు కిటికీ పక్కన కూర్చుని, చేతి అద్దంలో లిప్‌స్టిక్ దిద్దుకుంటోంది.

క్రాలిక్ ట్రే పట్టుకుని మొదటివాడి దగ్గరకు వెళ్ళాడు.

“ప్రొఫెసర్ గారూ, మీ కాఫీ.”

“నేను ప్రొఫెసర్ని కాదండీ, ఉత్త ఇంజినీర్ని.”

రెండో బల్ల దగ్గరా అదే మాట. “ప్రొఫెసర్ గారూ, మీ కాఫీ.”

“ప్రొఫెసరేమిటయ్యా? పాత వెయిటరయితే డైరెక్టర్ గారూ అనేవాడు. నీళ్ళు కూడా చల్లగా లేవు.”

క్రాలిక్‌కు ప్రాణం లేచొచ్చింది. వియన్నాలో వెయిటర్ లేని హోదాతో పిలిచి ఒక మెట్టు పైకెక్కిస్తే తనంతట తాను దిగివచ్చే మనిషి ఇంకా పుట్టలేదు. అవతలి ముఠా ప్రొహాస్కా గురించి అంతా బట్టీ పట్టింది, ఊరి గురించి పట్టలేదు.

ఉత్తరం రెండోవాడి చేతిలో పెట్టాడు. అప్పుడే ఇలోనా అద్దం తళుక్కుమంది. అందులో మొదటివాడు, వాడి చేతిలో కాఫీ హౌస్‌లో చదువుకోడానికిచ్చే, పేపరు తగిలించిన కర్ర. కర్ర చివర కన్నం. కన్నం చూపు ప్రొహాస్కా మెడ మీద.

క్రాలిక్ ట్రే విసిరాడు. మరిగే కాఫీ వాడి మొహాన, తుపాకి గుండు పైకప్పులో.

వాణ్ణి కట్టేశాక అడిగాడు, “అద్దం కావాలనే తిప్పావా?”

“లిప్‌స్టిక్ చెదిరిందేమోనని చూసుకున్నా,” అంది ఇలోనా.

తెల్లారి ఫోన్ మోగింది. అవతల చీఫ్. “ఓటో క్షేమంగా చేరాడు. శభాష్, డైరెక్టర్ క్రాలిక్.”

ఆఫీసు కాగితాల్లో క్రాలిక్ ఇంకా అసిస్టెంటే. ఆ మాట చెబుదామని నోరు తెరిచాడు. వియన్నావాడు కదా, మళ్ళీ మూసుకున్నాడు.