రేకుల గదిలో మూలుగు

ప్రింటింగ్ ప్రెస్సు వెనకాల ఉన్న రేకుల గదికి చెడ్డ పేరొచ్చింది. పగలంతా నోరు మూసుకుని ఉంటుందట. పొద్దు గూకి, కాస్త చీకటి పడిందంటే చాలు, లోపల ఎవరో మూలుగుతారు. ముందు సన్నగా... తర్వాత గొంతు పెంచి...

కాగితాలు కోసే అతను ఒకసారి తలుపు దాకా వెళ్లి, చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. మళ్లీ ఆ చెప్పుల కోసం కూడా వెళ్లలేదు.

ఆ గదిలో అద్దెకున్నవాడు గిటారు వాయించేవాడు. మొన్నటి ఎండలకి వడదెబ్బ తగిలి మంచం మీదే పోయాడు. శవాన్ని తీసుకెళ్లాక ఆ గడప తొక్కిన మనిషి లేడు. చివరికి ప్రెస్సు ఓనరమ్మ అతని తమ్ముడికి ఫోన్ చేసింది.

"బాబూ, వచ్చి మీ అన్న సామాన్లు తీసుకెళ్లు. రాత్రి డ్యూటీ అంటే ఒక్కడూ రానంటున్నాడు."

అన్నదమ్ములకి మాటల్లేక ఏళ్లయింది.

తమ్ముడిది గిటారు పెడల్స్ చేసే పని. కాలితో నొక్కే ఇనప డబ్బా అది. తీగ పలికిన పలుకు అందులో దూరి, గొంతు చించుకున్నట్టు గరగరమంటూ బయటికొస్తుంది. ఫజ్ అంటారు. అన్న కోసం ఒకటి ప్రత్యేకంగా చేశాడు. పాత రేడియోలు విప్పి, వాటిలోని జెర్మేనియం ట్రాన్సిస్టర్లు ఊడదీసి, ఒక్కొక్కటీ పెట్టి విని, చెవికి నచ్చిన జత కుదిరేదాకా కంటి మీద కునుకు లేదు. ఇప్పటి ట్రాన్సిస్టర్లలో ఆ తీపి రాదు. కాకపోతే పాతవాటికి ఒక జబ్బుంది. వేడి పడదు.

పెద్ద ప్రోగ్రాంలో, స్టేజి లైట్ల సెగకి ఆ పెడల్ గొంతు పట్టేసింది. జనం నవ్వారు.

"వేడికి, అన్నా... కాస్త చల్లారనీ..." అని తమ్ముడు పక్కనుంచి గొణుగుతూనే ఉన్నాడు.

అన్న మైకు దగ్గరికెళ్లాడు. "మా తమ్ముడి పనితనమండీ. చేతకానివాడికి పని చెప్పడం నాదే తప్పు."

అంతే. ఆ తర్వాత ఒకరి గుమ్మం ఒకరు ఎక్కలేదు. ఆ డబ్బా మురిక్కాలవలో పారేశానని అన్న అందరితో చెప్పుకున్నాడు. అన్న చావుకి తమ్ముడు పరాయివాడిలా వచ్చి, వెనక వరసలో నిలబడి వెళ్లిపోయాడు.

అలాంటివాడు ఇప్పుడు తాళంచెవి పుచ్చుకుని రేకుల గదిలోకి వెళ్లాడు. ఓనరమ్మ పెరట్లోనే ఆగిపోయింది.

గది ఇంకా పొయ్యిలా ఉంది. బల్బు మాడిపోయింది. తడుముకుంటూ వెళ్లి మంచం మీద కూర్చున్నాడు. ఎక్కడో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు... గాలి మాత్రం తగలడం లేదు. వీపు మీద చెమట చల్లబడింది.

బయట చీకటి చిక్కబడింది. నెత్తిన రేకులు టప్... టప్... అన్నాయి.

అప్పుడు మొదలైంది.

ముందు పంటి బిగువున నొప్పి ఓర్చుకుంటున్నట్టు... తర్వాత పొడుగ్గా, తెగకుండా... గది మూలనుంచే. లేవబోయాడు.

"అన్నా..." అన్నాడు, తనకే వినపడనంత మెల్లగా.

మూలుగు పెరిగింది. అన్నేళ్లుగా లోపల దాచుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది.

"చెప్పు. నేను చేతకానివాణ్నేనా?"

మూలుగు ఇంకొంచెం పైకి లేచింది. ఫోన్ లైటు వేసి అటు తిప్పాడు.

బల్ల వెనక స్పీకరు పెట్టె. దానికి ఆనించిన గిటారు. కింద నేల మీద, ఎర్ర దీపం వెలుగుతూ... తను చేసిన పెడల్.

అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. పగలు రేకుల వేడికి ఆ ట్రాన్సిస్టర్లు మూగబోతున్నాయి. రాత్రి చల్లబడగానే గొంతు విప్పుతున్నాయి. స్పీకరు హోరుకి తీగలు అదురుతున్నాయి, ఆ అదురే మళ్లీ స్పీకర్లోకి పోతోంది. స్విచ్ కట్టడానికి లోపలికి వచ్చిన ధైర్యవంతుడు లేడు. దెయ్యం లేదు, గియ్యం లేదు. తమ్ముడికి నవ్వొచ్చింది.

నవ్వుతూనే లైటు ఇంకాస్త పక్కకి తిప్పాడు.

బల్ల ఫ్యాను నేల మీద ఉంది. రెండు ఇటుకల మీద ఎత్తు చూసి నిలబెట్టి, దాని మొహం సరిగ్గా పెడల్ వైపు తిప్పి ఉంది. పెడల్ చుట్టూ ఎప్పుడో తడిపి చుట్టిన తువ్వాలు, ఎండి బిరుసెక్కింది. అక్కణ్నించి మంచానికి పిసరంత గాలి రాదు.

అంటే అన్నకి తెలుసు. తప్పు చేతిది కాదు, వేడిది అని తెలుసు. తెలిసి, ఒక్కడే కూర్చుని ఇక్కడ వాయించుకున్నాడు. ఆ ఒక్క ముక్కా వచ్చి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. దెయ్యమైతే తమ్ముడు నాలుగూ అడిగి కడిగేసేవాడు. ఇనప డబ్బాతో ఏం పోట్లాడతాడు?

గుమ్మం దగ్గర ఓనరమ్మ అలికిడైంది. కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి తొంగి చూసింది.

"ఏంటి బాబూ అది?"

"ఏం లేదమ్మా. కరెంటు స్విచ్ కట్టలేదు, అంతే."

ఆవిడ లైటు వెలుగులో ఫ్యాను చూసింది. మంచం చూసింది.

"అంత ఉడుకులో ఉన్న ఒక్క ఫ్యానూ తన వైపు తిప్పుకోలేదేంటి... తాగి పడిపోయి ఉంటాడు, పాపం."

అన్న జన్మలో చుక్క ముట్టి ఎరగడు. తమ్ముడు వంగి స్విచ్ కట్టేశాడు. మూలుగు ఆగిపోయింది.

"అయ్యుంటుందమ్మా," అన్నాడు.