పిడికెడు నేలవేము

పొద్దున్న ఆరింటికి వంటగదిలో రసపాత్ర మేలుకుంది. నరహరి మణికట్టు మీది నాడిపట్టీని అడిగి అతని ఒంటి సంగతి తెలుసుకుని, ఆ పూటకు కావలసినంత కషాయం కాచి గ్లాసులో పోసింది. పోస్తూ రోజూ చెప్పే మాటే చెప్పింది. “శొంఠి కషాయం. మూలహస్తం, కొవ్వూరు తాయారు.”

సుభాషిణికి ఒళ్ళు మండింది. పన్నెండేళ్ళుగా రోజూ సరిగ్గా ఈ వేళకే మండుతోంది.

నరహరి ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. “ఎన్నయినా చెప్పు, మా వదిన చేతిలో ఏదో ఉంది. తియ్యగా దిగి, చివర్న కాస్త చేదు తగులుతుంది చూడు, ప్రాణమంతా అక్కడే ఉంది.”

“ఉందండి. మీ వదిన చేతిలో లేనిదేముంది,” అంది సుభాషిణి.

ఆ చేదు తనదని మొగుడితో ఎలా చెబుతుంది?

రసలేఖిని వచ్చాక ఇళ్ళలో పొయ్యిలు పోయాయి. వండినదాన్ని ఒక్కసారి దాని ముందు పెడితే చాలు. ఏమేమి వేశారని అడగదు, రుచిని మాత్రం వెంట్రుకవాసి తేడా లేకుండా రాసుకుంటుంది. రాసుకున్నదాన్ని ఊరూరా రసపాత్రలు కాచి పోస్తాయి. ఆ వండిన మనిషిని మూలహస్తం అంటారు. ఒక రుచికి ఒకే మూలహస్తమని నియమం.

ఎప్పుడో గోదావరి వరద తీశాక ఇంటిల్లిపాదీ జ్వరాలతో పడుకుంటే, అత్తగారి ముత్తవ్వ మొదట కాచిన కషాయమట అది. అత్తగారు దాన్ని ఇద్దరు కోడళ్ళకూ ఒకేలా నేర్పారు. తీరా లేఖిని ఇంటికొచ్చిన రోజున, చిన్నకోడలి మొహమైనా చూడకుండా, “పెద్దదాని చేతిది రాసుకోండి” అనేశారు.

తాయారు పట్టుచీర కట్టుకోవడానికి గదిలోకి వెళ్ళింది. కషాయానికి పట్టుచీర ఎందుకో సుభాషిణికి ఇప్పటికీ అర్థం కాదు. గిన్నెలో శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, ధనియాలు, బెల్లం మరుగుతున్నాయి. పై అరలో నేలవేము డబ్బా కనబడింది. సుభాషిణి ఆ ఎండుటాకు పిడికెడు తీసి గిన్నెలో పడేసింది. చేదుకు లేఖిని తోసిపారేయాలి, అక్కయ్య పరువు పోవాలి. అంతకుమించి సుభాషిణి ఏమీ కోరుకోలేదు.

ఆ ఇంట్లో కషాయం కాచినవాళ్ళే మొదటి గుక్క తాగాలి. తాయారు అందరి ఎదుటా తాగింది. మొహంలో గీత కదలలేదు. బెల్లంలో చేదు కలిసిపోయింది కాబోలు అనుకుంది సుభాషిణి. లేఖిని రాసుకుంది. ఏడాది తిరిగేసరికి ముప్ఫై లక్షల ఇళ్ళలో తాయారు పేరు మోగింది. నిజం చెబితే పేరు ఎలాగూ రాదు, చేసిన పాడుపని మాత్రం బయటపడుతుంది. అందుకే సుభాషిణి నోరు మూసుకుని ఉడికిపోతోంది.

ఇవాళ గడువు. పన్నెండేళ్ళకొకసారి మూలహస్తం మళ్ళీ కాచి చూపించాలి. మధ్యాహ్నం పన్నెండులోగా రుచి సరిపోకపోతే పేరు కొట్టేస్తారు, ఇక ఏ రసపాత్రా ఆ కషాయం పోయదు. తాయారు గిన్నెలో నేలవేము ఉండదు కదా. ఈ రోజు కోసం సుభాషిణి తలస్నానం చేసి మరీ కూర్చుంది.

పదింటికి తాయారు దగ్గర్నుంచి పిలుపు వచ్చింది. “ఒక్కసారి వచ్చి వెళ్ళవే.”

వెళ్ళేసరికి తాయారు నేతచీరలో చెమటలు కక్కుతోంది. ఈ పరీక్ష కోసమే తెచ్చిపెట్టిన పొయ్యి, పక్కన పారబోసిన గిన్నెలు. పీట మీద లేఖిని అంటోంది: “చేయి సరిపోలేదు.”

“ఇది మూడోసారి,” అంటూ తాయారు పై అరలోంచి డబ్బా తీసి సుభాషిణి ముందుకు తోసింది. నేలవేము డబ్బా. “నీ పిడికెడు నువ్వెయ్యి. నేనేస్తే ఓసారి ఎక్కువవుతోంది, ఓసారి తక్కువవుతోంది.”

సుభాషిణి డబ్బా అందుకోబోయి ఆగింది. “నీకు తెలుసా, అక్కయ్యా?”

“మొదటి గుక్క తాగింది నేనే కదే. నాలుక మెలికపడిపోయింది. నీ ముందు మొహం చిట్లిస్తే నువ్వు గెలిచినట్టేనని మింగేశాను.” తాయారు మంట తగ్గించింది. “మింగాక తెలిసింది, నేను చేసేదానికన్నా అదే బావుందని. ఇన్నేళ్ళుగా ఎవరొచ్చినా ఆ చివరి చేదునే మెచ్చుకుంటారు. నా శొంఠి ఊసు ఒక్కరూ ఎత్తరు. నిన్ను చూస్తే నాకెంత కుళ్ళో నీకేం తెలుసు.”

సుభాషిణికి ప్రాణం హాయిగా అనిపించింది. అక్కయ్యకు తన మీద కుళ్ళు. ఇంతకాలం మండినదంతా ఆ ఒక్క మాటతో చల్లారింది. నవ్వుకుంటూ పిడికెడు ఆకు తీసి మరిగే కషాయంలో వేసింది.

“చేయి సరిపోలేదు,” అంది లేఖిని. “చేదు తక్కువ.”

“అదే చెయ్యి కదా అక్కయ్యా.”

“ఆ రోజు పళ్ళు కొరుక్కుంటూ వేసుంటావు. ఇలా పూజకి పువ్వులేసినట్టు వేస్తే ఎలా?”

సుభాషిణి పిడికిలి బిగించి చూసింది. కోపం వస్తే కదా బిగుసుకోవడానికి. పదకొండున్నర దాటింది. తాయారు గడియారం చూసి, తోడికోడల్ని చూసి, తీరిగ్గా కొత్త నీళ్ళు పెట్టింది. శొంఠి, మిరియాలు వేస్తూ అంది:

“అత్తగారి కల్వం గుర్తుందా? శొంఠి నూరే రాతిది.”

“ప్రదర్శనశాల వాళ్ళు పట్టుకెళ్ళారన్నావు.” ఆ కల్వం తనకిమ్మని సుభాషిణి మూడేళ్ళు అడిగింది.

“వాళ్ళకెందుకే. పోయేముందు అత్తగారు నా చేతికిచ్చారు. చిన్నదానికి చూపించకు, దానికి నూరడం కూడా చేతకాదు అన్నారు.”

సుభాషిణి చెవులు వేడెక్కాయి. డబ్బాలో చెయ్యి పెట్టింది. ఎండుటాకు పిండిపిండి అయ్యేలా నొక్కిపట్టి, గిన్నెలో విసిరికొట్టింది.

“చేయి సరిపోయింది,” అంది లేఖిని. “మూలహస్తం, కొవ్వూరు తాయారు.” ఆ పిడికిలి ఎందుకు బిగిసిందో రాసుకోవడానికి దాని దగ్గర చోటు లేదు.

తాయారు గ్లాసు నింపి సుభాషిణి చేతిలో పెట్టింది. “తాగు. చేసినవాళ్ళే మొదటి గుక్క తాగాలి.”

సుభాషిణి తాగింది. నాలుక మెలికపడింది. మొహంలో గీత కదలనివ్వలేదు.

“కల్వం సంగతి నిజమేనా, అక్కయ్యా?”

తాయారు పొయ్యి ఆర్పింది. “మళ్ళీ పన్నెండేళ్ళకి కాచి చూపించమంటారు కదే. అప్పుడు చెబుతాలే.”