కాపుగాలి ఆగిన గంట

పైడితల్లి వీధిలో రంగు అద్దిన నూలు చిలపలు ఆరేస్తుండగా మొదటి రాయి వచ్చింది. ఆమె ముఖానికి జానెడు దూరంలో గాలిలోనే ఆగి, కాసేపు అలాగే నిలబడి, మెల్లగా నేలకు దిగింది. దాని వెనకే మరికొన్ని. అద్దకంపేట ఇళ్ళమధ్య రాళ్ళు చుక్కల్లా వేలాడాయి.

"కూసింత పక్కకి ఇసరండర్రా! నూలు మాసిపోతాది," అని ఆమె కేకేసింది.

వీధి చివర నిలబడ్డ కొండకాలనీ కుర్రాళ్ళు నవ్వారు. వాళ్ళు కొండమీద ఇళ్ళు కట్టుకున్న మేరురాజ్యం వాళ్ళు. మేరుసైన్యం ఈ లోయను ఆక్రమించుకుని పాతికేళ్ళయింది. ఏ సైన్యం చేతిలో నేల ఉందో, ఆ నేలమీది జనం ప్రాణాలు ఆ సైన్యం పూచీ. కొట్టేది సొంతవాళ్ళే అయినా అడ్డుకోవాలి. ఇది లోకమంతా ఒప్పుకున్న ఒడంబడిక. దానికోసమే మేరు శాస్త్రజ్ఞులు లోయంతా కాపుగాలి పరిచారు. కంటికి కనపడని రేణువులు ఎప్పుడూ గాలిలో తేలుతుంటాయి. ఒంటిమీదికి ఏదైనా వేగంగా వస్తే, రెప్పపాటులో గోడకడతాయి. మెల్లగా తాకే చేతిని మాత్రం ఆపవు. పైడితల్లి పుట్టింది ఆ గాలిలోనే. కొట్టడమంటే ఆమెకు మాటగానే తెలుసు. కొండమీద పుట్టిన కుర్రాళ్ళకూ అంతే.

పేట పక్కనున్న రక్షణగోపురంలో మేరు అధికారి సోమిదేవి ఆ వేలాడే రాళ్ళను చూస్తోంది. చిన్నప్పుడు యుద్ధం చూసిన మనిషి. ఇన్నేళ్ళయినా ఆ దృశ్యానికి ఆమె ఒళ్ళు పులకరిస్తూనే ఉంటుంది. అంతలో మాటపలక వెలిగింది. రాజధాని నుంచి మంత్రి.

"అద్దకంపేటలో కాపుగాలి ఒక్క గంట ఆపండి. కొండమీది పెద్దలు అడుగుతున్నారు. ఎన్నికలు దగ్గరపడ్డాయి, వాళ్ళ ఓట్లు కావాలి."

"ఆపితే మనుషులు చస్తారండీ."

"వాళ్ళు మనవాళ్ళు కారు."

"ఊరు మన చేతిలో ఉన్నన్నాళ్ళూ వాళ్ళ ప్రాణాలు మన పూచీ. నేను ఆపను."

"అయితే ఇక్కణ్ణుంచే ఆపుతాం."

గోడమీది కాపుగాలి దీపాలన్నీ ఆరిపోయాయి. సోమిదేవి మెట్లమీంచి పరుగెత్తింది. వీధి మధ్యలోకి వచ్చి, రెండు చేతులూ చాచి, పేటకు అడ్డంగా నిలబడింది.

"విసరకండి! అందరూ లోపలికి పొండి! గాలి ఆగిపోయింది!"

ఒక్కరూ కదలలేదు. పైడితల్లి వింతగా చూసింది.

"గాలాగిపోడమేటమ్మా? ఈస్తంది గదా."

కొండ కుర్రాళ్ళలో శరభ అనేవాడు ఎప్పటిలాగే నవ్వుతూ చెయ్యి ఊపాడు. రాయి సోమిదేవి భుజం పక్కనుంచి దూసుకుపోయింది. పైడితల్లి తల తిప్పుకోలేదు. కళ్ళు కూడా మూసుకోలేదు.

రాయి ఆగలేదు.

ఆమె నుదురు చీలింది. నెత్తురు కనుబొమలమీంచి జారి, చేతిలోని పసుపు నూలుమీద పడింది. ఆమె మోకాళ్ళమీద కూలింది. మనిషి చేతిలోంచి మనిషికి దెబ్బ వెళ్ళడం ఆ వీధిలో పాతికేళ్ళుగా ఎవరూ చూడలేదు.

శరభ తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు. తరువాత పరుగెత్తాడు, ఆమె వైపు.

"ఆగలేదు... ఎప్పుడూ ఆగేది... నేనేం చెయ్యాలి?"

సోమిదేవి తన తలగుడ్డ విప్పి గాయంమీద పెట్టి, వాడి చెయ్యి లాగి దానిమీద ఉంచింది. "గట్టిగా అదుము. తియ్యకు."

పైడితల్లి వాడి ముఖంలోకి చూసింది. "ఇంత నొప్పెడతాదేటి?" అంది ఆశ్చర్యంగా. "ఇదేనా మీరు రోజూ ఇసిరింది?"

వాడు వెక్కివెక్కి ఏడ్చాడు. వీధి చివర కుర్రాళ్ళు గుప్పిళ్ళు విప్పారు. రాళ్ళు టపటపా నేల రాలాయి. పేటవాళ్ళు మంచం తెచ్చారు. ఒక పక్క పేట మగవాళ్ళు, మరో పక్క కొండ కుర్రాళ్ళు పట్టి ఎత్తారు. శరభ గుడ్డమీంచి చెయ్యి తియ్యకుండా ఆసుపత్రి దాకా మంచం వెంట నడిచాడు.

రాజధాని ఇచ్చిన గంటలో ఇంకా చాలా సమయం మిగిలి ఉంది. అద్దకంపేటలో రెండో రాయి ఎవరూ విసరలేదు.