తమ్ముడి సగం

ఫిన్లాండులోని కువోపియోలో డిసెంబరు వస్తే మధ్యాహ్నం కాఫీ వేళకే చీకటి. తావెట్టి వంటింట్లో పొడుగు బెంచీ మీద కూర్చుని కంప్యూటరుతో కుస్తీ పడుతున్నాడు. తెర నల్లగా ఉంది. మీట ఎన్నిసార్లు నొక్కినా మొదలవనంటోంది.

ఆ కంప్యూటరు అన్నదమ్ములిద్దరిదీ. విండోస్ సగం తావెట్టిది, లినక్స్ సగం తమ్ముడు ఐమోది. మీట నొక్కగానే ఇద్దరి పేర్లూ తెర మీదికొచ్చేవి. ఎవరిది వాళ్లు ఎంచుకోవాలి. ఐమో పనయ్యాక గుర్తును అన్న పేరు మీదే ఉంచి లేచేవాడు. తావెట్టి ఒక్కనాడూ తమ్ముడికి ఆ మర్యాద చెయ్యలేదు. తన పడవ అడక్కుండా తీసుకెళ్లాడన్న కోపం, ఆ పడవతోపాటే మునిగి ఐమో పోయినా పోలేదు. సమాధి చేసి వచ్చిన సాయంత్రమే తమ్ముడి సగం తుడిచేశాడు. ఇద్దరి పేర్లూ చూపించేది ఆ సగమేనని ఈ మహానుభావుడికి తెలియదు. తన సగానికీ దారి మూసుకుపోయింది.

ఇప్పుడు ఐమో భార్య లెంపి ఎదురుగా కూర్చుంది. మొగుడు పాడి దాచుకున్న పాటలు అందులోనే ఉన్నాయని వచ్చింది. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు.

"బావగారూ, మీరేమైనా కదిపారా?"

"నేనా? చెయ్యి కూడా పెట్టలేదు. నీ మొగుడే ఏదో కెలికి పోయుంటాడు."

"పోయినవాడి మీదికి బాగానే తోస్తారు!"

తావెట్టి తలెత్తలేదు. మరమ్మతు పెన్‌డ్రైవ్ గుచ్చి, తన సగం వరకే దారి సరిచేశాడు. మీట నొక్కాడు. లోపలి ఫ్యాను గుర్రుమంది. ఎక్కణ్ణుంచో తారు పొగ వాసన... ఐమో చొక్కాల వాసన.

తెర వెలిగింది.

రెండు పేర్లు. గుర్తు తావెట్టి పేరు మీద.

తుడిచేశాడు కదా... తన చేత్తోనే.

"అదుగో, ఆయనది ఉందిగా!" లెంపి చెయ్యి చాచి కింది పేరు ఎంచుకుంది. పాటలు కనిపించాయి. ఒకటి నొక్కింది.

అకార్డియన్ మోగింది. ఐమో గొంతు. లెంపి కళ్లు మూసుకుంది.

పాట సగంలో ఆగింది. ఇంకో గొంతు వచ్చింది. తావెట్టిదే. తుడిచేసిన సాయంత్రం, ఒంటరిగా, పళ్లు కొరుకుతూ అన్న మాట.

"పడవతో పాటు నీ గొంతూ పోనీ."

లెంపి మెల్లగా ఇటు తిరిగింది.

"ఇది... ఎప్పుడన్నారు బావగారూ?"



పాటలో ఐమో నవ్వాడు. ఈ బెంచీ మీద కూర్చోబోతూ ఎప్పుడూ అనేదే అన్నాడు.

"కాస్త జరుగు అన్నయ్యా."

తెర ఆరిపోయింది.

తమ్ముడు బతికుండగా ఏనాడూ జరగని తావెట్టి... జరిగాడు.

ఖాళీ చోట బెంచీ మెల్లగా కుంగింది.