అతుకు కనబడని గోడ

పెత్రమాస... పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

రాత్రులకే భయపడేవాళ్లు అమాయకులు. మనిషి నీడ కాళ్ల కిందికి ముడుచుకునే ఆ ఘడియ ఉందే... క్షుద్రోపాసకులకు అది అర్ధరాత్రికన్నా ప్రీతికరం. ఆనాడు ఎల్లారెడ్డి ఊరి మీద కారుమేఘాలు కమ్మి సూర్యబింబాన్నే మింగేశాయి. ఉరుము మీద ఉరుము దద్దరిల్లుతుంటే, సతీశ్ ఇంటి పిట్టగోడ మీదికి ఒక గుడ్లగూబ పట్టపగలే వచ్చి కూర్చుంది. దాన్ని తరిమే తీరిక ఎవరికీ లేదు. అందరి కళ్లూ ముందుగది గోడ మీదే ఉన్నాయి.

ఆ గోడ సతీశ్ భార్య వనజ కల. బడిలో తెలుగు చెప్పే వనజకు ఇంట్లో ఒక గ్రంథాలయం ఉండాలని పెళ్లికి ముందునుంచీ కోరిక. సతీశ్ కామారెడ్డి నుంచి రెడీమేడ్ అల్మారాలు తెప్పించాడు. వాటిని ఊరికే నిలబెడితే దుకాణంలో సరుకులాగే ఉంటాయి. గోడతోపాటే పుట్టినట్టు కనిపించాలంటే కింద చెక్క పీఠం వెయ్యాలి, పక్కపక్కనే నిలిపి గోడకు బిగించాలి, సందుల్లో పట్టీలు కొట్టాలి, అతుకులు పూడ్చే తెల్లటి లప్పం పూసి గోడకూ చెక్కకూ ఒకటే రంగు వెయ్యాలి. ఆ పనికి దొరికినవాడు లింగం.

"ఎక్కడ గూడ అతుకు కనవడది మేడం," అన్నాడు లింగం వచ్చిన రోజే. "ఇల్లు కట్టిననాడే కట్టిండ్రనుకుంటరు."

వాడి పనిలో వంక పెట్టలేం. వాడి బుద్ధే... పాపిష్ఠి బుద్ధి! మహమ్మద్‌నగర్‌లో, పెద్దకొడప్‌గల్‌లో వాడు అరలు బిగించిన ఇండ్లలో ఇల్లాళ్లు ఎందుకు ఎండిపోయి కన్నుమూశారో, అరవై దాటినా వాడి తలలో ఒక్క తెల్లవెంట్రుకైనా ఎందుకు లేదో, ఆ రెండింటినీ కలిపి ఆలోచించిన మనిషి లేడు. వాడు సాధించింది బాణామతి. మనిషి కొలతను కపాలానికి చుట్టి గోడలో మూసేస్తే ఆ ప్రాణం గోడపాలు... ఆ ఆయుష్షు వాడిపాలు!

ఆ కొలత తీయడం వాడికెంత సుళువో చూడండి. "పై అర మీ చెయ్యికి అందాలె గద మేడం, జర నిలవడుండ్రి," అన్నాడు. జేబులో టేపు పెట్టుకుని, నల్లదారంతో తల నుంచి పాదం దాకా కొలిచాడు. వనజ నవ్వుతూ నిలబడింది.

సతీశ్ తల్లి భూదవ్వ మాత్రం నవ్వలేదు. ఒళ్లోని బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి లేచి వచ్చింది. ఆ గోడ నడుమ ఒక చిన్న గూడు ఉంది. భూదవ్వ అత్తగారి కాలం నుంచీ అది ఎల్లమ్మ గూడు. లోపల పసుపుబొట్టు, పొద్దుగూకగానే దీపం.

"గూడు ముయ్యకు బిడ్డా. అల్మారా ఎనక పలకకు గూడు కాడ తొర్ర చెయ్యిమను. పుస్తకాల నడుమ దీపం ఉంటది, అమ్మ సూస్తది."

"తొర్ర చేస్తే అందమంత పోతది అత్తమ్మా. వంటింట్ల కొత్త గూడు పెట్టిస్త," అంది వనజ.

ఆ పూట భూదవ్వకు అన్నం సయించలేదు.

ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి లింగం పసుపుబొట్టును తడిగుడ్డతో తుడిచేశాడు. ఆ గూట్లోనే... తల్లి కూర్చునే చోటనే... దారం చుట్టిన కపాలాన్ని నిలిపాడు! దాని మీద అల్మారా బిగించాడు. అంతే, వనజ చిక్కిపోసాగింది. అన్నం ముందు పెట్టుకుని మట్టి వాసన వస్తున్నదని లేచిపోయేది. ఒక పొద్దున అద్దంలో తనను చూసుకుని "ఎవలు నువ్వు?" అని అడిగింది. డాక్టరు రక్తం తక్కువుందని టానిక్ రాసిచ్చాడు.

ఇప్పుడు మిగిలింది ఒక్క సందు, గది మూలన. దాన్ని మూస్తే క్రతువు పూర్తి.

"పెత్రమాస నాడు పనిముట్టు పడ్తరా ఎవలన్న?" అని భూదవ్వ అంటూనే ఉంది. లింగం విననట్టే చివరి పట్టీ కొట్టాడు. దానిమీద, బారెడు వెడల్పున, నేల నుంచి పైదాకా లప్పం దట్టంగా పూశాడు. వాడి పెదవులు కదిలాయి... ఏవో వికృత బీజాక్షరాలు...

వనజ విల్లులా వంగి నేల మీద పడింది! కనుగుడ్లు తేలిపోయాయి. నోరు బిగుసుకుపోయింది. ఆమె గొంతు మాత్రం వినిపించింది... అల్మారా వెనకనుంచి!

"గాలి ఆడ్తలేదు... నన్ను బయటికి తియ్యిండ్రి..."

అరల్లోని పుస్తకాలు ఒక్కొక్కటే కిందికి రాలాయి. సతీశ్ లింగం పెదవుల కదలిక చూశాడు, గోడలో భార్య గొంతు విన్నాడు, ఇంకేం చెప్పాలి? గడ్డపార అందుకున్నాడు.

"జరుగు లింగం. పలగ్గొడ్త."

లింగం నవ్వాడు. రెండు చేతులూ చాచి, చివరి పట్టీకి వీపు ఆనించి అడ్డంగా నిలబడ్డాడు.

"కొట్టు. ఒక్క దెబ్బ పడ్డదంటే నీ భార్య పానం గీడనే పోతది. మూసింది నేను, తెరిసేది గూడ నేనే."

సతీశ్ ఎత్తిన గడ్డపారను దించాడు. వనజ పెదవులు నీలమవుతున్నాయి. కొడితే చచ్చిపోతుంది, కొట్టకున్నా చచ్చిపోతుంది. ఏం చెయ్యాలో తెలియక అతను చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

భూదవ్వ ఏడవలేదు. దీపం వెలిగించి, మూసిన గూటికి ఎదురుగా నేల మీద పెట్టి కూర్చుంది.

"అమ్మా ఎల్లమ్మా, నీ గూడు మూసుడు మా తప్పే. నా కోడలు తెల్వక చేసింది, దాని పానం ఇడిచిపెట్టు. వీడు దారంతోని కొలిచిననాడే నాకు అనుమానమైంది. గోడకు కొలతనే గావాల్నంటే... అగో, వాని కొలత వాడే ఇచ్చిండు సూడు తల్లీ."

లింగం నవ్వు ఆగిపోయింది. తల తిప్పబోయాడు... తిరగలేదు. వీపు కింద ఉన్నది పచ్చి లప్పం! నెత్తి నుంచి మడమల దాకా, చాచిన అరచేతులతో సహా వాడి అచ్చు అందులో దిగిపోయింది. దారానిది ఉత్త పొడవే. ఇది నిండు మనిషి కొలత.

ఫెళఫెళమంటూ పిడుగు పడింది! కరెంటు పోయింది. మూసిన గూట్లోంచి గజ్జెల చప్పుడు... పచ్చి పసుపు వాసన... దీపశిఖ గోడవైపు నిలువునా వంగింది. తెల్లటి లప్పం వాడి చెవుల మీదికి, చెంపల మీదికి పాకింది.

"తియ్యి సతీశ్... నీ కాళ్లు మొక్కుత... తియ్యి..."

సతీశ్ కదలలేకపోయాడు. గూట్లో కపాలం ఫటేలుమని పగిలింది. లప్పం లింగం నోటి మీదుగా కలిసిపోయింది, అరుపు సగంలో తెగింది. పిట్టగోడ మీది గుడ్లగూబ ఎగిరిపోయింది.

"అత్తమ్మా..." అంది వనజ. అది ఆమె గొంతే, ఆమె నోటిలోంచే వచ్చింది. భూదవ్వ కోడలి తలను ఒళ్లోకి తీసుకుని అప్పుడు ఏడ్చింది.

ఆ సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మతో ఆడవాళ్లు వీధిలో కదులుతున్న వేళకు సతీశ్ అల్మారా వెనక పలకను కోశాడు. గూట్లో గుప్పెడు బూడిద, చుట్లు విడిపోయిన నల్లదారం. తుడిచేసిన చోట పసుపుబొట్టు తడితడిగా ఉంది. వనజ తన చేత్తోనే అక్కడ దీపం పెట్టి, లెంపలు వేసుకుంది.

సతీశ్ మూలకు వెళ్లి చివరి పట్టీని తడిమాడు. నున్నగా ఉంది. అచ్చు లేదు, బీట లేదు.

"అవ్వా... వాడు యాడికి పోయిండు?"

"ఎక్కడ గూడ అతుకు కనవడదన్నడు గద బిడ్డా," అంది భూదవ్వ. "కనవడ్తలేదు."

సతీశ్ చెయ్యి ఇంకా పట్టీ మీదే ఉంది. దాని కింద, లోపలినుంచి ఎవరో సుత్తితో మెల్లగా కొడుతున్నారు.