సున్నం గీటు

ఆళ్లగడ్డ దాటి చాగలమర్రి దోవలో పోతే, వాగు మలుపు తిరిగేచోట ఒక కూలిన ఇల్లుండేది. హమీదాబీ ఇల్లనేవాళ్ళు. పొద్దు గూకితే ఆ ఇంటి ముందర నడిచేవాళ్ళు లేరు. బండ్లవాళ్ళయితే మలుపు ఇంకా రాకముందే ఎడ్లను అదిలించి, తల అటు తిప్పకుండా దాటించేవాళ్ళు.

ఏముంది ఆడ అంటే... పిలుపు. మిద్దె మీదనుంచి ఒక ముసలామె పిలుస్తుందట. "నాయనా... పైకెక్కి సూడప్పా..." అని. కోపంగా కాదు, బతిమాలినట్టు. ఆ పిలుపుకు తిరిగి చూసినోని ఇంటి కప్పు ఏడాది తిరక్కుండా కూలుతుందని వాడుక.

నంద్యాల దాకా పాకింది ఈ మాట. టీ బంకుల కాడ నవ్వుకుంటూ చెప్పుకునేవాళ్ళు. ఒక్క మనిషి మాత్రం నవ్వేవాడు కాదు. గ్లాసు అట్లే పెట్టేసి లేచిపోయేవాడు. అతని పేరు సుందరరాజు. వడ్రంగి. ఈ సంగతి నాకు చెప్పినాయన అతని పక్కనే ఏండ్లకేండ్లు చిత్రిక పట్టినవాడు, అందుకే నమ్మినాను.

ఎందుకు నవ్వేవాడు కాదో చెప్పాలంటే నాలుగేండ్లు వెనక్కి పోవాల.

ఎనభయ్యో ఏడు దాటినాక ఒక నవంబరులో తుపాను పట్టింది. కొట్టింది కోస్తానే గానీ, దాని తోక ఈ పక్కకు తిరిగి అయిదు దినాలు విడవకుండా వాన. వాగు పొంగి ఆ మలుపు వీధిలోకి వచ్చింది. అన్నీ మట్టి మిద్దెలు. గోడలు నాని, కప్పులు ఉరిసి, జనం బడి వరండాలో తలదాచుకున్నారు.

నంద్యాలలో సుందరరాజు వాళ్ళ చర్చీ నుంచి ఇరవైమంది లారీలో బయల్దేరినారు. వాళ్ళకు పెద్ద పరంజ్యోతి సారు, రిటైరైన బడి అయ్యవారు. ఆడవాళ్ళు ఇండ్లలో బురద ఎత్తిపోసినారు. మొగవాళ్ళు గోడలు నిలబెట్టినారు. సుందరరాజు పని కప్పులు. ప్రతి మిద్దె ఎక్కాల, పైన పరిచిన చౌడుమన్ను తవ్వి, దూలం గోడమీద ఆనేచోట పుచ్చిందా బాగుందా చూడాల. పుచ్చితే మార్చాల. అన్నీ అయినాక వాకిలి మీద సున్నంతో ఒక గీటు.

"ఆ గీటు ఉంటే ఆ ఇంట్లో భయం లేకుండా పండుకోండి," అని పరంజ్యోతి సారు వీధంతా తిరిగి చెప్పినాడు.

ఆరు దినాలు ఒళ్ళు దాచుకోకుండా చేసినాడు సుందరరాజు. అది అబద్ధం కాదు. ఏడో దినం శనివారం. మధ్యాన్నానికే మోకాళ్ళు రెండూ వాచిపోయినాయి. మర్నాడు ఆరాధనలో వీళ్ళందరినీ ముందర నిలబెట్టి ప్రార్థన చేస్తారని కబురొచ్చింది. లారీ డ్రైవరు హారన్ మీద హారన్ కొడతాన్నాడు.

హమీదాబీ ఒంటరి ముసలామె. బొంతలు కుట్టి బతికేది. వాకిట్లో నిలబడి అన్నది — "నాయనా, రాత్రిపూట దూలం కిర్రుమంటాంది. పైకెక్కి సూడప్పా."

సుందరరాజు కప్పు దిక్కు చూసినాడు. నిచ్చెన దిక్కు చూసినాడు. అరుగు మీద రవ్వంతసేపు కూచున్నాడు. లేచి, సున్నం బొక్కెనలో వేలు ముంచి, వాకిలి మీద గీటు గీసినాడు.

"ఏం కాదులే అవ్వా. పండుకో."

మర్నాడు ఆదివారం చర్చీలో అందరితో పాటు నిలబడినాడు. పాస్టరు తలమీద చెయ్యి పెట్టి దీవించినాడు. బుధవారం కబురొచ్చింది. మిద్దె కూలి ముసలామె పోయిందని. పరంజ్యోతి సారు కండ్లనీళ్ళు పెట్టుకోని, "మనం చేసినకాడికి చేసినాం గదా సుందరరాజూ," అన్నాడు.

"అవును సార్," అన్నాడు సుందరరాజు.

ఆ "అవును" నాలుగేండ్లు అతని గొంతులోనే ఉండిపోయింది. చర్చీ కమిటీ పనికి పిలిస్తే ఒళ్ళు బాగలేదనేవాడు. ఆళ్లగడ్డ అవతల పనులు ఒప్పుకునేవాడు కాదు.

కానీ నాలుగో ఏడు పనుల్లేక, చాగలమర్రిలో ఒక పెండ్లింటి తలుపులకు ఒప్పుకోక తప్పలేదు. పని ముగించి, చీకటి పడినాక బస్సెక్కినాడు. రెండు దినాలుగా ముసురు పట్టి ఉంది. ఆళ్లగడ్డ ఇంక రెండు మైళ్ళుందనంగా బస్సు నిలిచిపోయింది. డ్రైవరు ఎంత తన్నుకున్నా ఇంజను పలకలేదు. జనం గుంపుగా నడక పట్టినారు. సుందరరాజు మోకాళ్ళతో కుంటుకుంటూ వెనకబడినాడు.

మాటలు దూరమైనాయి. కాసేపటికి అవీ లేవు. వాన చప్పుడు, తన చెప్పుల చప్పుడు... అంతే.

మలుపు వచ్చింది.

తల దించుకోని నడుస్తాన్నాడు. కీర్తన పాడుకుందామంటే ఒక్క చరణం గుర్తు రాలేదు.

దబ్...

ఆగినాడు.

దబ్... దబ్...

చప్పుడు మిద్దె మీదనుంచి. కూలిపోయిన మిద్దె మీదనుంచి! పైన నల్లగా ఒక ఆకారం వంగుతాంది, లేస్తాంది. నెత్తిన ముసుగు. చేతిలో ఏదో పట్టుకోని కప్పును కొడతాంది.

అంతలో ఆ ఆకారం కొట్టడం ఆపింది. ఇటు తిరిగింది.

"ఎవరప్పా ఆడ...?"

ఆడగొంతు. సన్నగా, అలిసిపోయినట్టు.

సుందరరాజు బురదలో మోకాళ్ళమీద కూలబడినాడు. ఎవరు తోసినారో తెలియదు. నాలుగేండ్లు పాస్టరుకు చెప్పనిది, పరంజ్యోతి సారుకు చెప్పనిది, దేవునికి గూడా సగం మింగి సగం చెప్పినది — అంతా ఒక్కసారి బయట పడింది.

"నేనే అవ్వా! సుందరరాజును... నేను ఎక్కలేదు. నీ మిద్దె ఎక్కకుండానే గీటు పెట్టినా. మోకాళ్ళు నొప్పులని... లారీ పోతుందని... నన్ను ఏమన్నా చెయ్యి. ఇంక పిలవొద్దు అవ్వా..."

వాన పడతానే ఉంది.

తరవాత పిట్టగోడ వెనకనుంచి ఒక లాంతరు లేచింది. వెలుగులో కనపడింది... ముసలామె కాదు. నలభై ఏండ్ల మనిషి. చెంగు నెత్తిన కప్పుకోని, చేతిలో చౌడు అణిచే దిమ్మిస.

"నేను అవ్వను గాదు," అన్నది. "ఆమె బిడ్డను. మదార్‌బీని. కోయిలకుంట్లలో నా మొగుడు పోతే ఈడికొచ్చి పదిదినాలయింది. తాపీమేస్త్రీని పెట్టి దూలాలెత్తించి, బండలు పరిపించినా. వాన పెద్దది కాకముందే చౌడు అణుస్తాండా."

సుందరరాజుకు ఊపిరి తిరిగింది. ఒక్క గడియ... నవ్వొచ్చినట్టు గూడా అయింది. దెయ్యం కాదు! మనిషి!

ఆమె నిచ్చెన దిగి వచ్చి, లాంతరు అతని మొగానికి పట్టి చూసింది. ఆ చూపుతో ఆ నవ్వు చచ్చిపోయింది.

"నువ్వేనా?"

తల ఊపినాడు.

"మా యమ్మ మిద్దె కూలిన రాత్రే పోలేదు. మట్టిలోంచి తీస్తే ఆస్పత్రిలో మర్నాడు పొద్దు దాకా బతికింది. నాకు జెప్పింది. 'వడ్రంగాయన ఎక్కలేదు బిడ్డా, అరుగు మీద కూచోని గీటు పెట్టె. పని తెలిసినోళ్ళకు కిందనుంచి సూస్తేనే తెలుస్తాదేమో అనుకుంటి' అనింది."

సుందరరాజు రెండు చేతులతో మొగం కప్పుకున్నాడు.

"'మనకోసరం వచ్చి కష్టపడినోళ్ళు, వాళ్ళను ఏమీ అనొద్దు' అని నాతో ఒట్టు పెట్టిచ్చుకుంది. అందుకే ఎవరికీ జెప్పలే. ఒట్టు లేకపోతే నంద్యాలకొచ్చి మీ చర్చీ వాకిట్లోనే అరిచిపోదును."

"దిమ్మిస ఇట్లీమ్మా... నేను చేస్తా..."

"వద్దు. నీ చెయ్యి ఈ మిద్దె మీద పడేది లేదు."

తిరిగి నిచ్చెన దిక్కు నడిచింది. ఒక మెట్టు ఎక్కింది. ఆగింది. మెల్లగా తల తిప్పింది.

"ఈ వరసలో ఇంగా గీట్లు పెడితివి గదా ఆ దినం... వాటిలో ఎన్ని ఎక్కినావు?"

సుందరరాజు ఆ వరస దిక్కు చూసినాడు.

ఆ మధ్యాన్నం మిగిలిన వరసలో హమీదాబీ ఇల్లు మొదటిది. దాని పక్కన వరసగా ఇంకా నాలుగిండ్లు. లారీ హారన్ వింటూ, ఒక్కటి తప్పినాక రెండోది సులువైపోయి... ఒక్కటీ ఎక్కలేదు. నాలుగేండ్లలో ఒక్క రాత్రి గూడా ఆ నాలుగు తలపుకు రాలేదు అతనికి. చచ్చినామె గురించి ఏడ్చుకున్నాడే గానీ, బతికినోళ్ళు ఆ కప్పుల కిందనే పండుకుంటాన్నారని తోచలేదు. రెండు దినాల ముసురు. నానిన చౌడు. దూలాలు మోయలేనంత బరువు...

లేచినాడు. మోకాళ్ళు ఉన్నాయన్నదే మరిచి పరిగెత్తినాడు.

మొదటి వాకిలి దబదబ బాదినాడు. "లేయండి! బయటికి రండి! మిద్దె..."

లోపల దీపం ఆరిపోయింది. గుసగుసగా ఒక ఆడమనిషి గొంతు. "పలకొద్దు... ఆ యమ్మే... పిల్లోళ్ళ నోరు మూయి..."

రెండోది. లోపల గడియ మీద ఇంకొక గడియ పడింది. మూడో ఇంట్లో ఎవరో కల్మా చదవడం మొదలుపెట్టినారు.

ఈ వీధికి దెయ్యాన్ని ఇచ్చింది తనే. ఇప్పుడు ఆ దెయ్యం తనే అయినాడు.

వీధి మధ్యలో వానలో నిలబడి, గొంతు పగిలేటట్టు అరిచినాడు.

"నేను దెయ్యాన్ని కాదప్పా! సుందరరాజును! నంద్యాల చర్చీ వడ్రంగిని! మీ మిద్దెలు ఎక్కకుండానే గీటు పెట్టినా! హమీదాబీని సంపింది వాన గాదు, నేను! మీ దూలాలు నేను సూడలేదు... బయటికి రండి!"

తరవాత రెండో ఇంటి గడియ కదిలింది. లక్ష్మీనారాయణ అనే రైతు, చేతిలో గొడ్డలితో, సందులోంచి చూసినాడు. వెనక మదార్‌బీ లాంతరు పట్టుకోని నిలబడింది.

"మనిషేలే అన్నా," అన్నది. "బిడ్డల్ని తీసుకోని బడికి పో. బేగా."

మూడిండ్ల వాళ్ళు బయట పడినారు. నాలుగో ఇంట్లో లీలావతమ్మ, చెవులు వినపడని మనిషి. ఎంత బాదినా లేవలేదు. లక్ష్మీనారాయణ గొడ్డలితో తలుపు పగలగొడితే, అందరూ కలిసి ఆమెను మంచంతో సహా ఎత్తుకొచ్చినారు.

ఆ రాత్రి ఒక్క మిద్దె గూడా కూలలేదు. తెల్లవారి, వాన వెలిసింది. బడి వరండాలో జనం సుందరరాజు దిక్కు చూస్తాన్నారు. కొందరు తిట్టినారు. ఒకాయన చెయ్యి ఎత్తినాడు గూడా. అతను తల వంచుకోని అన్నీ పడినాడు. తరవాత నిచ్చెన అడిగినాడు. ఎవరూ ఇయ్యలేదు. అంతట్లో మదార్‌బీ తన నిచ్చెన మోసుకొచ్చి, మాట్లాడకుండా లీలావతమ్మ గోడకు ఆనించి పోయింది.

ఎక్కినాడు. చౌడు తవ్వినాడు. దూలం గోడమీద ఆనేచోట బొటనవేలితో నొక్కినాడు.

నానిన రొట్టెలోకి పోయినట్టు, వేలు మొదలు దాకా లోపలికి పోయింది.

కిందనుంచి లీలావతమ్మ, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకోని, గట్టిగా అడిగింది. "ఏమప్పా, గట్టిగుందా?"

సుందరరాజు వేలు బయటికి తీసి, ఆమెకు అర్థమయ్యేటట్టు తల అడ్డంగా ఊపినాడు.

"లేదమ్మా," అన్నాడు.