పచ్చ లైటు పాము

గట్టు మీది పాము మెడను పడగలా వెడల్పు చేసి బుసకొట్టింది. డాక్టర్ హైమవతి దాని మీదికి టార్చి వేసింది. పచ్చ లైటు వెలిగింది.

"నాగుపాము కాదు, నీరుకట్టు. కప్పలూ చేపపిల్లలూ తిని బతుకుతుంది. విషం లేదు. బెదిరితే మెడ అలా చేస్తుంది, అంతే. వదిలెయ్యండి," అంది.

ఊరంతా తలాడించింది. తలాడించడంలో ఏటిగట్టుపాలెం ఎప్పుడూ వెనకబడలేదు.

2043 నాటికి జిల్లా మొత్తంలో నీరుకట్టు పాములు మిగిలింది ఈ ఊళ్లోనే. నాగుపామనుకుని కొట్టేస్తున్నారని తేల్చుకున్న హైమవతి, వాటిని బతికించడానికి పదకొండేళ్లు కష్టపడి ఈ టార్చి తయారుచేసింది. పొలుసుల మీద పడి తిరిగొచ్చిన కాంతిని లోపలి సెన్సర్ చదువుతుంది. విషముంటే ఎరుపు, లేకపోతే పచ్చ.

"మనిషి మాట నమ్మకండి, నా మాటైనా సరే. లైటునే నమ్మండి," అని ఇంటికొకటి పంచింది.

నాగుపామును చంపితే పాలు పోసి దహనం చెయ్యాలి, మైల పట్టాలి. అందుకని ఇదివరకు ధైర్యమున్న నలుగురే కొట్టేవారు. మిగతావాళ్లు ఏ పామో తెలీక దణ్ణం పెట్టి తప్పుకునేవారు. ఆ అనుమానం టార్చితో తీరిపోయింది. ఎరుపుకి దణ్ణం, పచ్చకి కర్ర. బల్లిని చూసి మంచమెక్కే బుల్లెబ్బాయి కూడా వారానికి మూడు పాముల్ని కొట్టి మీసం తిప్పుతున్నాడు.

"విషం లేనిదాన్ని ఎందుకు చంపారండీ?" అంది హైమవతి.

"లేదనేగా చంపింది మేడమ్ గారూ. ఉన్నదాని దగ్గరికి ఎవరెళ్తారు?"

రెండో ఏడు మాఘమాసంలో ఊరంతా గాలిస్తే ఆమెకు ఒక్కటే దొరికింది. గడ్డివాము కింద గుడ్లను చుట్టుకుని పడుకున్న తల్లి. పొద్దున్నే దానికి కాపలా కూర్చుంది. కర్రతో బుల్లెబ్బాయి వచ్చాడు.

"ఆగండి. అది నాగుపామే," అంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆడిన మొదటి అబద్ధం.

బుల్లెబ్బాయి ఆమెను చూశాడు. టార్చి తీసి నొక్కాడు. పచ్చ.

"మీ మాటైనా నమ్మొద్దన్నారు కదండీ," అన్నాడు మర్యాదగా. "కాస్త పక్కకి జరగండి, మీకు తగులుద్ది."

గుడ్లనూ వదల్లేదు.

ఇప్పటికీ ఊళ్లో ఇంటింటా ఆ టార్చి ఉంది. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఏ పాము మీద వేసినా ఎరుపే.